జవాను దండం పెట్టిన గొంగడి

తన అన్న ఉన్న కొలంబో వెళ్లిపోదామని పొద్దున కూడా భర్త ప్రకాశరావుతో పోట్లాడింది లీదియా. కొత్త కాపురం. క్విట్ ఇండియా సభలో మాట్లాడాడని అతన్ని పట్టుకోవడానికి పోలీసులు తిరుగుతున్నారు. "ఏం దేశమండీ ఇది, నోరు విప్పితే జైలు!" అంది.

సాయంత్రానికి అతను ఇంటి వెనక తమ చేలోనే, ఎరువు కోసం కట్టించిన గొర్రెల మంద మధ్య, కాపరి అంకన్న గొంగడి కప్పుకొని పడుకున్నాడు. పోలీసు జవాను గట్టు దిగి వస్తున్నాడు. గట్టు మీదున్న లీదియా గొంగడి వైపు చూడకుండా నిలబడింది. ఆ మంద దుమ్ముకు భర్త తుమ్మితే?

"ఆ పడుకున్యది ఎవుర్రా?"

"మా తమ్ముడు సామీ. అమ్మవారు పోసింది," అన్నాడు అంకన్న, గొంగడి మీద వేపరెమ్మ సర్దుతూ.

జవాను ఆగాడు. వంగి బూట్లు విప్పాడు. లాఠీ కింద పెట్టి, చర్చిలో పాటలు పాడించే ప్రకాశరావుకు రెండు చేతులూ జోడించాడు. "తల్లీ, పిల్లలు గలోణ్ని, సల్లంగ జూడు," అని బూట్లు చేత పట్టుకొనే వెళ్లిపోయాడు.

"పోయినాడా?" అంది గొంగడి.

"కదలాకు నాయనా, అమ్మోరు మాట్లాడదు!" అని కసిరి, అంకన్న లీదియా వైపు తిరిగాడు. "రేపు మందను పెద్దారవీడు అడివికి తోల్తాం కోడలా. నీ మొగుడూ మాతోనే."

"తెలిస్తే నిన్నూ కట్టేస్తారు గదా మామా. నీకెందుకీ తంటా?"

"ఎందుకేంది? మా గొర్రెలు మీ చేలో పండుకోలా?"

లీదియాకు భయం తగ్గలేదు. అయినా ఈ మనుషులను వదిలి ఎక్కడికి పోతుంది? వాళ్లకు దారిలోకి సజ్జరొట్టెలు కాల్చడానికి లోపలికి వెళ్లి పొయ్యి రాజేసింది.