బోసినోటి ముసలమ్మ

దసరా సెలవులకు వచ్చే సినిమా మాది. మాది అంటే, నేను రాసిందీ తీసిందీ కాదు. మాదాపూర్‌లో మా గ్రాఫిక్స్ ఆఫీసుకు అందులోని మంత్రగత్తెను అప్పజెప్పారు. పల్లెటూరి బాణామతి కథ. బోసినోటి ముసలమ్మ మంత్రం చదవబోతుంది, పళ్లు లేక నోరు తడబడుతుంది, మంత్రం తిరగబడి ఆమె మీదే కోళ్లు ఎగబడతాయి. పిల్లలు భయపడాలి, వెంటనే పడీపడీ నవ్వాలి. నాకూ నవ్వొచ్చింది, అబద్ధం ఎందుకు చెప్పాలి.

చిక్కేమిటంటే, ఆ వేషం వేసిన నటికి ముప్పై రెండు పళ్లూ భేషుగ్గా ఉన్నాయి. వాటిని ఒక్కొక్కటిగా తుడిచేయడమే నా పని. చిగుళ్లు గీసి, పెదవులు లోపలికి నొక్కి, మూడు వారాలుగా అదే కొలువు. అచ్చం నిజంలా ఉందని మా లీడ్ శ్రీనివాసులు గారు మెచ్చుకుంటే పొంగిపోయాను కూడా.

ఆ మధ్యాహ్నానికి ఇంక నాలుగు పళ్లే మిగిలాయి. టీ కప్పులు తీయడానికి వచ్చిన లక్ష్మమ్మ నా వెనక ఆగిపోయింది. మా ఫ్లోరు శుభ్రం చేసేది ఆమే. లింగంపల్లి నుంచి వస్తుంది, సొంతూరు మెదక్ వైపు.

“గామె పండ్లెందుకు తీస్తున్నవ్ బిడ్డా?”

“మంత్రగత్తె కదమ్మా. వాళ్లకు పళ్లుండవట, కథల్లో అంతే.”

“ఉంటయి,” అంది లక్ష్మమ్మ. “మా అవ్వకు ఉండె, నన్ను కన్న తల్లికి. ఊర్ల ఇద్దరు పోరగాండ్లు జరమొచ్చి సచ్చిపోతె, నువ్వే బాణామతి చేసినవని పటుకారుతోని పీకిండ్రు. పండ్లు లేకుంటె మంత్రం పలకదంట. ఇప్పటికీ ఎవరన్న ఇంటికొస్తె మూతికి కొంగు అడ్డం పెట్టుకుంటది. నా మనుమరాలు గీ సిన్మాకు పోదామని ఒకటే లొల్లి. చూసొచ్చి ఇంట్ల మా అవ్వ మూతి చూసి నవ్వితె, నేనేం చెప్పాలె?”

ముందు మంత్రగత్తె అని పేరు పెట్టి, తర్వాత పళ్లు పీకారు. మా దాకా వచ్చేసరికి కథ తలకిందులై, పళ్లు లేనిదే మంత్రగత్తె అయింది.

శ్రీనివాసులు గారి దగ్గరికి వెళ్లి, ఇదంతా చెప్పి, పళ్లు మళ్లీ పెట్టేద్దామన్నాను. పాత ఫైళ్లన్నీ ఉన్నాయి, రెండు రోజుల పని.

“బాధగానే ఉందండి రోహిణి గారూ. కానీ నవ్వు పుట్టేదే అక్కడ. శుక్రవారానికి ఇచ్చేయాలి. కథ మనది కాదు కదండీ,” అన్నారాయన.

“అయితే నేను చేయను.”

ఆయన కోప్పడలేదు. ఆ షాటు పక్క సీటు అజయ్‌కి పంపారు. అజయ్ చేయి మహా చురుకు. సాయంత్రం టీ రాకముందే ఆ నాలుగూ తీసేశాడు.

మర్నాడు గోడ మీది పెద్ద తెరపై ఆ సీను వేస్తే ఆఫీసంతా విరగబడి నవ్వింది. లక్ష్మమ్మ మాప్ కర్ర పట్టుకుని నా సీటు దగ్గరకు వచ్చింది.

“మొత్తం పోయినయ్ గద బిడ్డా.”

“నేను తీయలేదమ్మా,” అన్నాను గబగబా. “ఆ చివరివి నేను తీయలేదు.”

ఆమె గొంతులో కోపమేం లేదు.

“మా ఊర్ల గూడ అందరు గట్లనే అంటరు బిడ్డా,” అంది.