ఐదో తరగతికి టీచర్ లేరు

ఆరిన ప్రతి గుడ్డా ఇస్త్రీ చేయాలి. చొక్కాలూ ప్యాంట్లే కాదు, లోపలి బట్టలు, దుప్పట్లు, దిండు గలీబులు, చివరికి గిన్నెలు తుడిచే గుడ్డ కూడా. వానాకాలంలో తీగ మీద ఆరేసిన తడిబట్టలో ఒక జాతి ఈగ గుడ్లు పెడుతుంది. ఆ బట్ట అలాగే తొడుక్కుంటే పురుగు చర్మంలోకి దూరి కురుపై లేస్తుంది. మిషన్ పని మీద అమెరికా నుంచి ఈ ఆఫ్రికా పల్లెకి వచ్చిన మొదటి ఏడాది వెండెల్ వీపు మీద అలాంటివి నాలుగు లేచాయి. భార్య మార్లిస్ ఒక్కొక్కటీ పిండి తీస్తుంటే అతను పళ్లు బిగబట్టి, "కాస్త చూసుకోవద్దా మార్లీ," అన్నాడు. అప్పటినుంచీ ఆమె పొద్దున్నే ఐదింటికి లేచి, బొగ్గుల ఇస్త్రీపెట్టె ఊదుకుంటూ తొమ్మిదేళ్లుగా చూసుకుంటూనే ఉంది.

ఆ సోమవారం అతని తెల్లచొక్కా ఇస్త్రీ చేస్తుండగా వెండెల్ కాఫీ కప్పుతో వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"నీకో మంచి కబురు. అయోవా ఆఫీసు నుంచి పిలుపొచ్చింది. ఆఫ్రికాలో మన మిషన్ పనులన్నిటికీ నన్నే పెద్దగా వేశారు. ఇక అమెరికాలో, ఆ ఆఫీసులోనే ఉండాలి. ఆరు వారాల్లో బయల్దేరాలి."

"నువ్వేమన్నావు?"

"ఏమంటాను? గురువారమే సరేననేశాను. దేవుడు తలుపు తెరిస్తే గడపలో నిలబడి ఆలోచిస్తామా?"

నిన్న చర్చిలో పాస్టరుగారి భార్య తన చెయ్యి గట్టిగా పట్టుకుని "మిమ్మల్ని మరిచిపోలేం" అన్నదెందుకో మార్లిస్‌కి ఇప్పుడర్థమైంది. ఊరందరికీ తెలిశాక తనకు చెబుతున్నాడు. పెట్టె కింద గుడ్డ కమురు వాసన వచ్చి చటుక్కున ఎత్తింది.

"కాలర్ కొంచెం గట్టిగా రానీ," అన్నాడతను వెళ్తూ.

ఇంటి నుంచి బడికి ఎర్రమట్టి దారిలో పావుగంట నడక. చోమా పట్నం నుంచి లారీలు రాళ్లు తేలిన రోడ్డు మీద గంటన్నరకి గాని చేరని ఊరది. ఐదో తరగతిలో డెబ్బై రెండు మంది. పుస్తకాలు పంతొమ్మిది. ఒక్కో పుస్తకం చుట్టూ నలుగురు తలలు ఆనించి కూర్చుంటే, ఎవరు పైనుంచి చదువుతున్నారో, ఎవరు తలకిందులుగా చదవడం నేర్చేసుకున్నారో మార్లిస్‌కి తెలుసు. బడయ్యాక చదువురాని తల్లులకు ఒక గంట. శనివారం కుట్టుపని. ఆదివారం పిల్లల పాటలు. మధ్యలో అమెరికా నుంచి వారం రోజులకని వచ్చి నీళ్లు పడక మంచమెక్కే అతిథులకు గంజి. అయినా ఆమె పాస్‌పోర్టులో అతికించిన పర్మిట్ మీద ఒకటే మాట ఉంది: డిపెండెంట్. భర్త మీద ఆధారపడిన మనిషి. కింద చిన్న అక్షరాల్లో, పని చేయరాదు. తొమ్మిదేళ్ల కిందట అమెరికాలో బయల్దేరేముందు అత్తగారు ఆర్డిత్ ఆ మాటే ఇంకోలా చెప్పింది. "నీకు పిల్లాజెల్లా లేరు కదమ్మా. దేవుడు నిన్ను ఖాళీగా ఉంచింది వెండెల్‌కి సాయంగా ఉండమనే." ఆ ఖాళీ ఎన్నిసార్లు నిండబోయి జారిపోయిందో ఆర్డిత్‌కి తెలుసు, ఆసుపత్రి వరండాలో పక్కన కూర్చున్నదీ ఆవిడే. ఇక నెలనెలా అయోవా చర్చిలకు వెళ్లే ఉత్తరం రాసేది మార్లిస్, సంతకం వెండెల్‌ది. మొదట్లో "మేము పిల్లలకు భిన్నాలు నేర్పాము" అని రాసేది. అతను 'మేము' కొట్టేసి 'నేను' అని దిద్దేవాడు. "మేమంటే ఎవరెవరని అడుగుతారు. నీ పర్మిట్ గొడవ నీకు తెలుసుగా," అనేవాడు. పోను పోను దిద్దే పని లేకుండా ఆమే 'నేను' అని రాయడం అలవాటు చేసుకుంది. తన చేత్తో రాసిన ఆ 'నేను'లో తను లేదు.

ఆ రోజు బడి వదిలాక హెడ్మిస్ట్రెస్ హమూంగ మేడం గదికి వెళ్లింది. ఆవిడ బల్ల కింద చెప్పులు వదిలేసి వేరుశెనక్కాయలు ఒలుచుకుంటోంది.

"రామ్మా. ఆ మొహంతో వస్తే నా కుర్చీ కూడా ఏడుస్తుంది, ముందు కూర్చో."

"మేం వెళ్లిపోతున్నాం."

"విన్నాను. మీ ఆయనకి పెద్ద కుర్చీ దొరికిందిట."

"మరి నా తరగతి?"

"నీ తరగతేంటి? నీదని ఎక్కడుంది?" ఆవిడ రిజిస్టరు తీసి ఇటు తిప్పింది. నాలుగో తరగతి ఎదురుగా ఫిరి అని, ఆరో తరగతి ఎదురుగా సికాజ్వే అని టీచర్ల పేర్లున్నాయి. ఐదో తరగతి ఎదురుగా 'మిషన్ ఏర్పాటు' అని ఉంది. వెనక్కి తిప్పింది. కిందటేడూ అదే. ఆ ముందేడూ అదే.

"ప్రతి ఏడూ జిల్లావాళ్లు అడుగుతారు, టీచర్లు తక్కువున్నారా అని. మీ ఆయన బడి మేనేజరు కదా, అంతా సరిపోయిందని సంతకం పెడతాడు. ఖాళీ లేనిచోటికి మనిషినెవరు పంపుతారు?"

"నేను వెళ్లాక ఏం చేస్తారు?"

"నాలుగునీ ఐదునీ కలిపేస్తాను. నూట నలభై మంది. ఫిరి టీచర్ ముందు నన్ను చంపి, ఆ తర్వాత తను చస్తుంది."

మార్లిస్ కుర్చీ ముందుకి జరుపుకుంది. "ఆయన్ని వెళ్లనివ్వండి. నేనుండిపోతాను. జీతం కూడా అక్కర్లేదు."

హమూంగ మేడం ఒలుస్తున్న చేతులు ఆపి నవ్వింది. ఆ నవ్వులో దయ లేదు.

"రోడ్డు మలుపులో తీపి బోండాలమ్మే ముటింటా తెలుసా నీకు?"

"తెలుసు. రోజూ కొంటాను."

"ఆ పిల్ల టీచర్ ట్రైనింగ్ అయ్యి ఏడేళ్లయింది. ఈ ఊరి పిల్లే. ప్రతి జనవరిలో వచ్చి, మేడం, ఖాళీ ఉందా అనడుగుతుంది. ఉందని నాకు తెలుసు. లేదని చెబుతాను. ఆ ఖాళీలో నువ్వు కూర్చున్నావు కదా. ఊరికే చేసే మనిషి ఉండగా జీతమిచ్చి ఇంకొకరినెవరు పెడతారమ్మా?"

"ఇన్నేళ్లూ నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే నువ్వు లేచి వెళ్లిపోతావు. మీ ఆయన సంతకం మారదు, ఆ కుర్చీలోకి ఎవరూ రారు. నా పిల్లలు ఏమైపోవాలి?" ఆవిడ ఒక పప్పు నోట్లో వేసుకుంది. "నేనూ నిన్ను వాడుకున్నాను. మీ ఆయనొక్కడే అనుకున్నావా?"

తిరిగొచ్చేటప్పుడు మలుపులో ముటింటా గిన్నె మీద మూత తీసి, "టీచర్, వేడిగా ఉన్నాయి," అంది. ఎప్పటిలాగే బోండాలు పాత నోటుబుక్కు కాగితంలో చుట్టి ఇచ్చింది. మార్లిస్ ఎప్పుడూ ఆ కాగితం చూడలేదు. ఇవాళ చూసింది. గుండ్రటి పెద్ద దస్తూరీలో, ఐదో తరగతి పిల్లలకు భిన్నాలు ఎలా చెప్పాలో బొమ్మలతో సహా రాసుకున్న పాఠం. ఇన్నేళ్లుగా తను నూనె మరకల కాగితాలనుకుని పారేసింది ఒక టీచరు చదువుని. పడి ఉంటాను, చేసిపెడతాను, నాకేమీ వద్దు అనడం తన మంచితనమని నమ్మింది. అది తప్ప తనకంటూ ఏమీ మిగలలేదు కాబట్టి దాన్ని చూసుకునే రాత్రిళ్లు నిద్రపోయింది. ఇప్పుడా మంచితనం కూడా ఇంకో ఆడదాని కడుపు కొట్టిందని తెలిశాక ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో ఆమెకు తోచలేదు. వెండెల్ మీద తెచ్చుకోబోతే, ప్రతిసారీ ఆ 'నేను' రాసిన తన చెయ్యే కళ్లముందుకొచ్చింది.

భోజనాల దగ్గర వెండెల్ జిల్లావాళ్లకిచ్చే బడి అప్పగింత కాగితం చదివి వినిపించాడు. తప్పులుంటే దిద్దమని. 'అన్ని తరగతులకూ తగిన సిబ్బంది ఉన్నారు' అనే చోట మార్లిస్ ఆపింది.

"అది అబద్ధం. ఐదో తరగతికి టీచర్ లేరు."

"నువ్వున్నావుగా."

"అయితే నా పేరు రాయి."

అతను ఫోర్కు కింద పెట్టాడు. "నీ పర్మిట్‌లో ఏముందో మరిచిపోయావా? కొత్త పదవిలో అడుగు పెట్టకముందే నా మెడకి ఈ డోలు కడతావా? అయినా నువ్వు చేసింది పని కాదు మార్లీ. సేవ."

"మరి ఉత్తరాల్లో అది నీ పనెలా అయింది?"

వెండెల్ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. తర్వాత ఎంతో ఓపికగా, మొండి పిల్లల్ని ఊరుకోబెట్టే గొంతుతో, "అలిసిపోయావు. కాసేపు ప్రార్థన చేసుకుని పడుకో," అన్నాడు.

శుక్రవారం పదకొండు గంటలకు అప్పగింత సభ. ఊరి ఆడవాళ్లతో కలిసి మార్లిస్ పొద్దుటినుంచీ కోళ్లు బాగుచేసి, ఆకుకూర తరిగి, మొక్కజొన్నపిండితో న్షిమా సంకటి కలియబెట్టింది. జిల్లా విద్యాధికారి ముడెండా గారు, పాస్టరుగారు, వెండెల్ బల్ల దగ్గర కూర్చున్నారు. భోజనానికి ముందు అతిథుల చేతుల మీద నీళ్లు పోయడానికి ఆమె చెంబూ పళ్లెమూ పట్టుకుని నిలబడింది. ముడెండా గారు చేతులు చాచబోయి ఆగి, కాగితం మళ్లీ చూశారు.

"ఒక్క మాట సార్. ఐదో తరగతికి టీచర్ ఎవరు?"

"అది మిషన్ ఏర్పాటండీ," అన్నాడు వెండెల్.

"ఏర్పాటు పాఠం చెప్పదు కదా సార్. మనిషి పేరు చెప్పండి. మీరు వెళ్లాక ఆ మనిషి ఉంటారా, ఉండరా?"

"ఏదో ఒకటి చూస్తాం. వలంటీర్లు వస్తూనే ఉంటారు."

"నేనండీ," అంది మార్లిస్.

చెంబు ఆమె చేతిలోనే ఉంది. నీళ్లు తను పోస్తానంటోందనుకుని పాస్టరుగారు చేతులు చాచారు.

"ఐదో తరగతి టీచర్ని నేను. తొమ్మిదేళ్లు చెప్పాను. నా పర్మిట్ ప్రకారం చెప్పకూడదు. వచ్చే నెల వెళ్లిపోతున్నాను. ఆ తర్వాత ఎవరూ లేరు."

"మార్లీ," అన్నాడు వెండెల్ నవ్వుతూ. ఆ నవ్వు బల్ల చుట్టూ ఉన్నవాళ్ల కోసం. "మా ఆవిడ అప్పుడప్పుడూ పిల్లలతో..."

"జీతం తీసుకోలేదు," అని ఆమె ముడెండా గారితోనే అంది.

"తీసుకున్నారా అని నేనడగలేదమ్మా." ఆయన కలం మూత తీసి, మళ్లీ పెట్టారు. "ఇది రాస్తే పై ఆఫీసుకి పోతుంది. మిమ్మల్ని మళ్లీ ఈ దేశంలోకి రానివ్వకపోవచ్చు."

హమూంగ మేడం కిటికీలోంచి బయటికి చూస్తోంది. బయట డెబ్బై రెండు మందీ కోడికూర వాసనకి గోడవారగా చేరి ఒకరినొకరు తోసుకుంటున్నారు. వాళ్లలో ఒక్కరిని కూడా మళ్లీ చూడకపోవడమంటే ఏమిటో మార్లిస్ అప్పుడే లెక్కవేసుకోగలిగింది. వేసుకునే చెప్పింది.

"రాయండి. దాని కిందే, ఖాళీ ఒకటి అని కూడా రాయండి."

ఆయన రాశారు. తర్వాత లేచి, ఆమె చేతిలోంచి చెంబు తీసుకుని, తన చేతులు తనే కడుక్కున్నారు.

మూడు వారాలకు జిల్లా నుంచి కాగితమొచ్చింది. పోస్టు మంజూరైంది, ముటింటాని వేశారు, జీతం జనవరి నుంచి. ఇంకా సెప్టెంబరే. హమూంగ మేడం కబురు పంపితే ముటింటా పిండి చేతులు నడుముకి చుట్టుకున్న చితెంగే గుడ్డకి తుడుచుకుంటూ వచ్చింది.

"ఎలాగూ నీదే కదమ్మా. సోమవారం నుంచి వచ్చెయ్. ఈ నాలుగు నెలలూ సేవ అనుకో," అంది మేడం.

"జనవరిలో వస్తాను మేడం," అంది ముటింటా.

మార్లిస్‌కి నోరాగలేదు. "అప్పటిదాకా పిల్లల సంగతి? నూట నలభై మంది ఒకే గదిలో..."

ముటింటా ఆమెవైపు తిరిగింది. కోపమేమీ లేదు, బోండాలిచ్చేటప్పుడు చూసినట్టే చూసింది.

"నాకూ ఇద్దరున్నారు టీచర్. పొద్దున్న నేను పొయ్యి వెలిగించకపోతే వాళ్లకి మధ్యాహ్నం తిండి లేదు. ఒకసారి ఊరికే చేస్తే, జనవరి వచ్చాక మార్చి అంటారు, మార్చి వస్తే దేవుడిస్తాడంటారు. మీకు తెలీదా? మీరు తొమ్మిదేళ్లు చూశారు కదా."

"చూశాను," అంది మార్లిస్. పిల్లల పేర్లు, ఎవరికి దేంట్లో వెనకబాటో రాసుకొచ్చిన కాగితం ఇవ్వబోయింది. ముటింటా మర్యాదగా రెండు చేతులతో అందుకుని, ఒకసారి చూసి, "వీళ్లంతా మా వీధి పిల్లలే టీచర్, నాకు వీళ్ల తల్లులు కూడా తెలుసు," అని మడిచి రవికలో పెట్టుకుంది.

సభ జరిగిన నాటి నుంచి వెండెల్ ఆమెతో అవసరానికి మించి మాట్లాడలేదు. అతని పదవి పోలేదు. అయోవా ఆఫీసువాళ్లు 'చిన్న అపార్థం' అని ఉత్తరం రాసి సర్దేసుకున్నారు. ఆ ఉత్తరంలో కూడా మార్లిస్ పేరు లేదు, 'కుటుంబ సభ్యురాలు' అని రాశారు. బయల్దేరే వారం అతను మెత్తబడ్డాడు. పెట్టెలు సర్దుతున్న ఆమె ముందు పొడవాటి జాబితా ఒకటి పరిచాడు.

"అయోవాలో పద్నాలుగు చర్చిలు, రెండు నెలలు. ఇక్కడి పని గురించి నేను మాట్లాడతాను. నువ్వు చితెంగే కట్టుకుని ఈ ఊరివాళ్ల ఆ టోంగా పాట పాడు, సెలవుకి వెళ్లిన ప్రతిసారీ పాడతావుగా. అందరికీ ఇష్టం. జరిగిందేదో జరిగింది, నేను మనసులో పెట్టుకోలేదు."

"నేను రాను."

"ఎక్కడికి?"

"ఏ చర్చికీ. మా అక్క దగ్గర దిగుతాను. అక్కడ బడులున్నాయి, ఉద్యోగానికి రాశాను. హమూంగ మేడం తొమ్మిదేళ్లు చెప్పానని కాగితమిచ్చింది."

వెండెల్ మంచం మీద కూర్చుండిపోయాడు. అతని మొహంలో కోపం కన్నా ముందు నిజంగానే భయం కనిపించింది. "మరి అంతమంది ముందు నేనేం చెప్పాలి?"

మార్లిస్ తన బట్టలు మాత్రం పెట్టెలో పెట్టుకుని మూత వేసింది.

"ఇక్కడ నువ్వు చేసినవి చెప్పు వెండెల్. నీ చేతులతో చేసినవి మాత్రమే. ఎక్కువసేపు పట్టదులే."