తలుపు లేని తబేలా

వైకుంఠం మనుషులు ముగ్గురు మురళిని తబేలాలో, బర్రెల కుడితి తొట్టి దగ్గర పడేసి కొట్టారు. ఒకడు మెడ మీద మోకాలు పెట్టాడు. ఇంకొకడు పార తిరగేసి పిడితో వీపు మీద బాదాడు. మూడోవాడు గుంజకు కట్టిన తాడు విప్పి పాడి బర్రెను గౌలిపుర గల్లీలోకి తోలుకుపోయాడు. దాని దుడ్డె వెంటపడబోయి, మెడకున్న తాడు చర్మంలోకి కోసుకుపోయేదాకా గుంజుకుంది. అడ్డం వెళ్లిన మురళి తల్లి ఎల్లమ్మను గోడకు నెట్టారు. ఆమె పెదవి పగిలింది.

దాణా వ్యాపారి వైకుంఠం గల్లీ మలుపులో స్కూటర్ దిగకుండానే ఇదంతా చూశాడు.

"దాణాకిచ్చిన చెక్కు వాపస్ వచ్చిందాయె. పైసలు కట్టి నీ బర్రెను తోల్కపో, ఎల్లమ్మా. కొట్టుమని నేను చెప్పలే. నీ కొడుకే ముందుగాల చెయ్యి లేపిండు."

అది నిజమే. మురళి చెయ్యి ఎప్పుడూ నోటికంటే ముందు లేచేది.

చెక్కు ఎందుకు వాపసు వచ్చిందో కోడలు అఖిల బ్యాంకు చుట్టూ తిరిగి తెలుసుకొచ్చింది. ఎల్లమ్మ పాల వ్యాపారం ఖాతాకు ఓవర్‌డ్రాఫ్ట్ ఉంది. ఖాతాలో డబ్బు లేకపోయినా ఒక హద్దు దాకా తీసి వాడుకోవచ్చు. ఏటా ఒక ఆఫీసరు తబేలాకు వచ్చి బర్రెలను చూసి వెళ్తేనే ఆ హద్దు కొనసాగుతుంది. ఈ ఏడు రావలసినవాడు ప్రణీత్. అతను రాలేదు. వెళ్లాననీ, తబేలా తలుపుకు తాళం వేసి ఉందనీ పై ఆఫీసుకు రాశాడు. దాంతో హద్దు రద్దయింది. వాడుకున్నదంతా హద్దు మీరిన వాడకం కింద పడింది. దానికి జరిమానా, జరిమానా మీద వడ్డీ, ఆపైన చెక్కు తిప్పి పంపినందుకు చార్జీలు. దబీర్‌పురా హోటళ్ల నుంచి వచ్చే పాల డబ్బు వచ్చింది వచ్చినట్టు అందులోకే పోయింది.

ఎల్లమ్మ తబేలాకు తలుపు లేదు. ఆమె మామ గోడలు లేపిన నాటి నుంచీ లేదు. రెండు పూటలా పాలు పిండేచోట, రాత్రంతా ఎవరో ఒకరు పడుకునేచోట తాళం వేసే పని ఎవరికీ పడలేదు. అఖిల తన ఫిర్యాదులో ఆ సంగతే రాసింది. పై ఆఫీసు నుంచి తనూజ అనే అధికారి స్వయంగా వచ్చి చూస్తానని కబురు పంపింది. ప్రణీత్‌ను కూడా వెంట తీసుకొస్తానంది.

అంతకుముందే మురళి బ్యాంకులో ప్రణీత్ కాలర్ పట్టుకున్నాడు. ఈసారికి పోలీసులను పిలవడం లేదనీ, ఇంకోసారి చెయ్యి పడితే అఖిల ఫిర్యాదు ఉండదు, మురళి మీద కేసే ఉంటుందనీ మేనేజర్ చెప్పి పంపాడు. ఫిర్యాదు పోతే హద్దు తిరిగి రాదు. హద్దు రాకపోతే దాణా లేదు. దాణా లేకపోతే బర్రెలను కసాయికి తోలాల్సిందే.

వాళ్లు వచ్చే రోజు పొద్దున మురళి గడ్డి కోసే కత్తిని రాతి మీద నూరుతూ కనిపించాడు.

"వాడొచ్చి తలుపు లేదని చూస్తే చాలు బిడ్డా," అంది ఎల్లమ్మ.

"చూడనీ. చూసినంక కండ్లెందుకు వానికి?"

"కత్తి ఇయ్యి."

"నీ మూతి పలగ్గొట్టిన్రు. నీకు సిగ్గు లేదా?"

"నా మూతి సంగతి నేను చూసుకుంట. ఇయ్యి."

అతను ఇవ్వలేదు. ఎల్లమ్మ బర్రెలను తోలే కట్టె అందుకుని అతని కుడి మణికట్టు మీద కొట్టింది. ఎముక విరిగిన చప్పుడు అఖిలకు కూడా వినిపించింది. కత్తి పేడలో పడింది. మురళి ఎడమ చేత్తో తల్లి జుట్టు పట్టుకున్నాడు. ఆమె అతని మోకాలి మీద కొట్టింది. అతను పడ్డాడు. అఖిల వెళ్లి మొగుడి వీపు మీద కూర్చుంది. తన్నే బర్రెను పిండేటప్పుడు వెనక కాళ్లకు కట్టే తాడుతో ఎల్లమ్మ కొడుకు కాళ్లనూ, ఎడమ చేతినీ కలిపి కట్టింది. అఖిల తన చున్నీ తీసి అతని నోటికి చుట్టింది. ఇద్దరూ అతన్ని గడ్డి మోపుల వెనక్కి ఈడ్చారు.

తనూజ వచ్చి, తలుపు ఉండాల్సిన చోట ఆగింది. రెండు వైపులా గోడను తడిమి చూసింది. గొళ్లెం లేదు, బందులు కొట్టిన మేకుల గుర్తు కూడా లేదు. తాళం ఎక్కడ చూశావని ప్రణీత్‌ను అడిగింది. అతను ముఖం తుడుచుకుని, అది వేరే తబేలా కావచ్చన్నాడు.

గడ్డి వెనక ఏదో నేలకు కొట్టుకుంది. మూలుగు వినిపించింది.

"ఏమిటది?"

"తన్నే బర్రె మేడం. కట్టేసిన," అంది ఎల్లమ్మ.

తనూజ ఆమె పగిలిన పెదవినీ, చేతిలోని కట్టెనూ చూసింది.

"అయితే దాన్ని లెక్కలో రాయను," అంది. మిగతావాటిని లెక్కపెట్టుకుని వెళ్లిపోయింది.

చార్జీలన్నీ వెనక్కి వచ్చాయి. హద్దు మళ్లీ ఇచ్చారు. చెక్కు చెల్లగానే వైకుంఠం బర్రెను తిప్పి పంపాడు. మురళి చేతికి పిండికట్టు వేశారు. ఆస్పత్రిలో బర్రె తన్నిందని చెప్పాడు. ఆ తర్వాత తల్లితో మాట్లాడలేదు.

పరాయి కొట్టంలో సరిగా పిండక, తిరిగొచ్చిన బర్రె పొదుగు రాయిలా గట్టిపడింది. ఎల్లమ్మ చెయ్యి వేయగానే తన్నింది. ఆమె బకెట్‌తో సహా వెల్లకిలా పడింది. లేచి కూర్చుని, తాడు కోసం చెయ్యి వెనక్కి చాపింది. తాడు చేతికి రాలేదు. తిరిగి చూస్తే అది మురళి ఎడమ చేతిలో ఉంది.

"ఈసారి ఎవలను కట్టాలె?" అన్నాడతను.

"దాన్ని. నా చేతులు పాలకు కావాలె."

అతను బర్రె వెనక మోకాళ్ల మీద కూర్చుని, తాడు ఒక కొస పళ్లతో పట్టుకుని, ఒంటిచేత్తో ముడి బిగించాడు. ఎల్లమ్మ పిండడం మొదలుపెట్టింది. కట్టె ఆమె తొడ పక్కనే ఉంది.