చుట్టకుదురు లేని బరువు

"ఆ మచ్చ కప్పుకో. చూసినవాళ్ళు నేను కొట్టాననుకుంటారు" అన్నాడు మొగుడు.

అప్పుడామె ఆయన చొక్కాకే ఇస్త్రీ చేస్తోంది. కాలరు మూల ముడత పడకుండా ఒక చేత్తో లాగిపట్టి, వంగి, ఇస్త్రీపెట్టె మొనను అంచు వెంట నడిపిస్తోంది. జడ ముందుకు జారి మెడ వెనక భాగం బయటపడింది. మెడకు నాలుగు వేళ్ళ కిందుగా, ఈ భుజం నుంచి ఆ భుజం దాకా ఎర్రటి చార. నొప్పిగా ఉందా అని అడుగుతాడేమోనని ఆమె చెయ్యి ఆపి చూసింది. ఇన్నేళ్ళ కాపురంలో చాలా ఆశలు వదులుకుంది గానీ, ఇలా ఆగి చూసే అలవాటొక్కటి ఇంకా పోలేదు. ఆయన అద్దంలో మీసం సరిచేసుకుంటున్నాడు.

నిజం చెప్పుకోవాలంటే ఆయన చెయ్యెత్తే మనిషి కాదు. ఎత్తిపొడిచే మనిషి. కూర కుదిరిన రోజున నోరు మెదపడు, కుదరని రోజున ఆ కూర గురించి వారం రోజులు మాట్లాడతాడు. ఆమె రక్తపరీక్షల ల్యాబులో పొద్దుట్నుంచీ నిలబడి ఉద్యోగం చేసి వస్తే, "నీకేం, ఏసీ గదిలో సీసాలు చూసుకుంటూ ఉంటావు" అంటాడు. చెయ్యెత్తని మొగుడు దొరకడమే అదృష్టమని చుట్టాలంతా చెప్పీ చెప్పీ, ఇంక దేనికీ నోరెత్తే వీల్లేకుండా చేశారు. అదృష్టవంతురాలు ఫిర్యాదు చేస్తే ఎవరు వింటారు?

"ఆ రాడ్‌కి తొడిగే ప్యాడ్ ఒకటుంటుందన్నావుగా. అది పెట్టుకునే చెయ్యి. లేదంటే ఆ జిమ్మే వద్దు. శనివారం సాయంత్రం మా మేనేజరు గారింట్లో భోజనాలు. నలుగురిలో నా పరువు తియ్యకు" అన్నాడాయన.

"సరే" అందామె. ఆ మాట ఆమె నోట్లో ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. కానీ లోపల మాత్రం మనసు గంతులు వేస్తోంది. ఎందుకంటే శనివారం పొద్దున్నే ఆమె తన మొగుడంత బరువును భుజాల మీద పెట్టుకుని, కూర్చుని, లేవబోతోంది.

ఈ సంగతి ఎవరికీ తెలియదు. జిమ్‌లో కోచ్‌కి కూడా తెలియదు. మొగుడు ప్రతి ఆదివారం బాత్రూం పక్కనున్న బరువు మిషనెక్కి, తన బరువును ఇల్లంతా వినపడేలా అరుస్తాడు. పెరిగితే అది ఆమె వంట తప్పు, తగ్గితే అది ఆయన పట్టుదల. ఆ అంకె వినీ వినీ ఒక ఆదివారం, వంటింట్లో గిన్నె తోముతుండగా, ఆమెకొక ఆలోచన తట్టింది. ఇంత బరువు నేనెత్తగలనా? తట్టగానే సిగ్గేసింది, నవ్వొచ్చింది, తర్వాత ఇంక వదల్లేదు. పోయిన ఆదివారం ఆయన ఒక కేజీ పెరిగాడు. ఆయన విసుక్కుంటుంటే ఆమె కూడా మనసులో విసుక్కుంది. రాడ్‌కి ఇంకో చిన్న ప్లేటు తగిలించాలి మరి.

ఆమె జిమ్‌లో చేరింది ఇలాంటి కోరికలతో కాదు. నడుం నొప్పితో. ల్యాబుకి వచ్చే మందునీళ్ళ పెట్టెలు, నీళ్ళ క్యాన్లు ఆమే మోస్తుంది, ఎందుకంటే మోసేవాళ్ళు అవసరమైనప్పుడు కనపడరు. ల్యాబు ఇన్‌చార్జి పదవి ఖాళీ అయినప్పుడు మాత్రం ల్యాబు నడిపే పెద్దాయన పిలిచి, "ఆడవాళ్ళు, ఇల్లూ వాకిలీ ఉంటాయి, ఇంత బరువు మీ మీద పెట్టడం న్యాయం కాదమ్మా" అన్నాడు. ఆమె దగ్గర పని నేర్చుకున్న కుర్రాడికి ఆ పదవిచ్చాడు. ఆ రోజు కూడా "సరే సార్" అనే వచ్చింది. నడుం చూసిన డాక్టరు బరువులు మానెయ్యమంటాడనుకుంటే, పద్ధతిగా ఎత్తడం నేర్చుకోండి అన్నాడు. ల్యాబు పక్క సందులో, ఒక సెల్లారులో జిమ్ ఉంది. కోచ్ ఒక పొట్టి పిల్ల, మాట్లాడుతూ మాట్లాడుతూ మనిషి మోకాళ్ళ వంక చూస్తుంటుంది. "అక్కా, మీకు బలముంది. వాడటమే రాదు" అంది మొదటి రోజే. ఆమెను గురించి అలాంటి మాట అంతకుముందు ఎవరూ అనలేదు.

ఆ జిమ్‌లో ఆడవాళ్ళ రాడ్‌కి ఎప్పుడూ ఒక ప్యాడ్ తొడిగే ఉంటుంది. దిండులాంటి లావాటి స్పాంజి గొట్టం. యజమాని ఆడవాళ్ళకి సౌకర్యమని కొన్నాడట. అందరి చెమటా పట్టి అది కంపు కొడుతుంటే, ఎవరూ అడగకముందే ఆమె దాన్ని ఇంటికి తెచ్చి ఉతికింది. ఉతకాల్సిన వస్తువేదైనా సరే, ఆమె కంటపడితే చాలు, ఇంటికి వచ్చేస్తుంది.

బాల్కనీలో ఆరేసిన ఆ గొట్టాన్ని అత్తగారు చూసింది. ఆవిడకి కోడలి జిమ్ మొదట్నుంచీ వింతే. "ఏం తప్పు చేశావని ఈ వయసులో గుంజీళ్ళు తీస్తున్నావే?" అని అడిగి తనే నవ్వుకునేది. ఈసారి గొట్టాన్ని చేత్తో నొక్కి, తిప్పి, సంగతేమిటని అడిగింది. మోసేటప్పుడు నొప్పెట్టకుండా అత్తయ్యా అని కోడలు చెప్పింది.

"అంటే చుట్టకుదురన్నమాట" అంది అత్తగారు.

ఆవిడ కాపురానికొచ్చిన కొత్తలో కింద కుళాయి దగ్గర్నుంచి పై అంతస్తు దాకా నెత్తిమీద బిందెలతో నీళ్ళు మోసింది. నెత్తిమీద గుడ్డ చుట్టి పెట్టుకునే చుట్టకుదురు రాసుకుని రాసుకుని నడినెత్తిన జుట్టు ఊడిపోయింది. ఇప్పటికీ అక్కడ దువ్వెన ఆనితే చురుక్కుమంటుందట. ఆవిడ గొట్టాన్ని బాల్కనీ గచ్చు మీద పెట్టి వేలితో ఒక్క తోపు తోసింది. అది ఆ చివరి దాకా దొర్లుకుంటూ పోయింది.

"చుట్టకుదురు బిందె దొర్లకుండా పెట్టుకుంటారే. నీదేమిటి, అదే దొర్లుతోంది?"

ఆ మర్నాడు ఆమె కోచ్‌ని అడిగేసింది. నువ్వెందుకు ప్యాడ్ వాడవు? ఆ పిల్ల కాస్త తడబడి, నాకు అడ్డమక్కా అంది. తర్వాత వెనక నిలబడి చూపించింది. రెండు రెక్కల ఎముకల్నీ వెనక్కి దగ్గరికి లాగితే, మెడకు కింద కండ పైకి లేచి చిన్న అరుగులా అవుతుంది. రాడ్ ఆ అరుగు మీద కూర్చోవాలి. ప్యాడ్ ఉంటే రాడ్ మెడ ఎముక దాకా ఎక్కిపోతుంది, ఎక్కడ కూర్చుందో వీపుకి తెలియదు. కొందరికి కావాలి, తప్పేం లేదు, కానీ మీరు ఎత్తబోయే బరువుకి అది మిమ్మల్ని ముందుకి తోసేస్తుంది అంది కోచ్. ఆ రోజు ఆమె మొదటిసారి ఉత్త ఇనుముని వీపు మీద పెట్టుకుంది. చల్లగా, గరుగ్గా, నొప్పిగా ఉంది. కానీ అదెక్కడుందో తెలుస్తోంది. మెడ కింద ఆ ఎర్రటి చార పడటం అప్పట్నుంచే. తన వీపు మీద ఇలాంటి అరుగొకటి ఉందని ఇన్నేళ్ళుగా తనకే తెలియదు. ఇంటికెళ్ళేదారంతా రెక్కలు దగ్గరికి లాగి వదులుతూ, లాగి వదులుతూ నడిచింది. ఆ నడకను చూసి పండ్ల బండివాడు, ఏమ్మా మెడ పట్టేసిందా అని అడిగాడు కూడా.

శనివారం పొద్దున్న ఆమె ఇచ్చిన మాట ప్రకారం ప్యాడ్ తొడిగింది. సరే అన్నాక సరేనే కదా. తేలిక బరువుతో కూర్చుని లేచింది. రెండోసారి కూర్చోబోతుంటే ప్యాడ్ కొంచెం దొర్లి రాడ్ మెడ మీదికి ఎగబాకింది. మెడ ముందుకు వంగిపోయింది. ఇస్త్రీబల్ల దగ్గర ఎలా వంగుతుందో అచ్చం అలాగే. అద్దంలో ఆ వంగిన మెడను చూసుకునేసరికి ఆమెకి ఒళ్ళు మండింది. నా వీపు మీద గీత పడితే నాకు నొప్పి. దాన్ని ఎవరో చూస్తే ఆయనకి నొప్పి. ఇంతకాలం ఆయన నొప్పికేగా నేను ప్యాడ్ కట్టింది? ఆయన మాటను మెత్తగా చేసి అత్తగారికి చెప్పడం, అత్తగారి మాటను మెత్తగా చేసి ఆయనకి చెప్పడం, ఇద్దరి మాటల్నీ మెత్తగా చేసి తన పుట్టింటికి చెప్పడం. తనకి ఎవరు ఏది మెత్తగా చేసి చెప్పారు గనక!

ప్యాడ్ ఊడదీసి బెంచీ మీద పడేసింది. "ప్లేట్లు వెయ్యి" అంది కోచ్‌తో.

రాడ్ కిందికి దూరింది. రెక్కలు దగ్గరికి లాగింది, అరుగు లేచింది, ఇనుము దాని మీద కుదురుకుంది. రెండడుగులు వెనక్కి వేసింది. అమ్మో, ఎంత బరువు! ఈ మనిషి ఇంత బరువుంటాడా! కింద దాకా కూర్చునేసరికి తొడలు వణికాయి, చెవుల్లో హోరు. ఒక్క క్షణం ఇంక లేవలేననే అనిపించింది. కోచ్ వెనకాలే నిలబడి, "మడమలక్కా, మడమలు" అంటోంది. మడమలతో నేలని తొక్కింది. కదిలింది. కొంచెం, ఇంకొంచెం, మధ్యలో ఆగిపోయింది, మళ్ళీ కదిలింది. నిటారుగా నిలబడింది.

రాడ్‌ను దాని కొక్కేల మీద దించి, ఆమె గట్టిగా నవ్వింది. కోచ్ ఏమైందక్కా అంటున్నా ఆగకుండా నవ్వింది. ఆ రోజు ల్యాబులో సూదిగుచ్చుతుంటే ఒక ముసలాయన, మీ చెయ్యి ఇవాళ చాలా తేలిగ్గా ఉందమ్మా అన్నాడు.

సాయంత్రం మేనేజరు గారింటికి శాలువా కప్పుకునే వెళ్ళింది. పండగలాంటి ఈ రోజున ఒక గుడ్డ కోసం గొడవెందుకనుకుంది. ఆ ఇంటి హాలు పెద్దది, జనం ఎక్కువ, గాలి తక్కువ. ఎవరికో పళ్ళెం అందించబోయి వంగితే శాలువా జారింది. మేనేజరు భార్య వెనకే ఉంది. "అయ్యో, ఏమిటండీ ఇది?" అంది.

ఆమె నోరు తెరిచేలోపే మొగుడు అందుకున్నాడు. "ఏం లేదండీ, తలుపు తగిలింది" అన్నాడు, శాలువా గబగబా పైకి లాగుతూ.

ఎవరూ ఆయన మొహం వంక చూడలేదు. అందరూ పళ్ళేల్లోకి చూసుకున్నారు. ఆ తలుపు గురించి లోకంలో వినని వాళ్ళెవరు? ఏ తప్పూ చెయ్యని పెద్దమనిషి, తప్పు చేసినవాళ్ళంతా చెప్పే అబద్ధాన్నే ఏరికోరి చెప్పాడు. చెవులు ఎర్రబడి నిలబడ్డ ఆయన్ని చూస్తే ఆమెకి పట్టరాని నవ్వొచ్చింది. అది ఆపుకోలేకే చేతులు కడుక్కునే నెపంతో లోపలికి వెళ్ళింది.

మేనేజరు భార్య వెనకే వచ్చి తలుపు దగ్గరికి వేసింది. పంపు తిప్పి నీళ్ళు వదిలింది. ఆ నీళ్ళ చప్పుడులో, అద్దంలోకి చూస్తూ, చాలా మామూలుగా అంది.

"మా ఇంట్లోనూ ఉందండీ, అలాంటి తలుపు."

ఆమె నవ్వు ఎక్కడిదక్కడ ఆగిపోయింది. మెత్తటి మాటలు నాలుగు నోటిదాకా వచ్చాయి, నాలుగూ మింగేసింది. శాలువా తీసి, వెనక్కి తిరిగి, మచ్చ చూపించింది.

"నాది తలుపు కాదు. ఒట్టు. జిమ్‌లో ఇనప రాడ్. నేనే పెట్టుకున్నాను. పొద్దున మా ఆయనంత బరువెత్తాను."

"ఆయనంతా?"

"ఆయనంతా. పోయిన ఆదివారం పెరిగిన కేజీతో సహా."

మేనేజరు భార్య వేలితో ఆ చారను ఈ చివర్నుంచి ఆ చివరిదాకా తాకింది. నమ్మకం కుదిరాక, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. జిమ్ ఎక్కడో, పొద్దున్నే ఎప్పుడు తీస్తారో ఆమె చెప్పింది. మేనేజరు భార్య పంపు కట్టేసింది.

హాల్లోకి వచ్చేసరికి మొగుడు శాలువా కోసం చూపులతో వెతుకుతున్నాడు. ఆమె దాన్ని మడతపెట్టి ఆయన చేతికిచ్చింది. అందరికీ వినపడేలా చెప్పింది: "తలుపు కాదండీ. బరువులెత్తితే పడిన గీత. పొద్దున మీ అంత బరువెత్తి దించాను."

ఎవరో పకపకా నవ్వారు. మేనేజరు కూడా నవ్వి, "జాగ్రత్తగా ఉండవయ్యా" అన్నాడు. మేనేజరుకి ఎదురుగా నిలబడి ఆమె నవ్వలేదు. ఆయన కళ్ళలోకే చూస్తూ ఉండిపోయింది, ఆయన చూపు తిప్పుకునేదాకా.

ఇంటికొచ్చేదారిలో మొగుడు, అందరిముందూ అలా ఎందుకు చెప్పావని అడిగాడు.

"మీరు కొట్టారనుకుంటున్నారండీ, అందుకని" అంది. ఆయన శాలువా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. అది అడిగి తీసుకోవాలని ఆమెకి అనిపించలేదు.

సోమవారం పొద్దున్న సెల్లారు మెట్ల మీద చప్పుడైతే ఆమె తలెత్తి చూసింది. మేనేజరు భార్య. మణికట్ల దగ్గర గుండీలు పెట్టిన నిండుచేతుల చొక్కా వేసుకుని, చివరి మెట్టు మీద, వెళ్ళిపోవాలా ఉండాలా అన్నట్టు నిలబడింది. ఆమె ఎదురెళ్ళి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. కోచ్ అలవాటు కొద్దీ ప్యాడ్ తెచ్చి కొత్తావిడ చేతిలో పెట్టింది.

"ఇది పెట్టుకోవాలా?" అని అడిగింది మేనేజరు భార్య.

"కావాలనిపిస్తే పెట్టుకోండి. మొదట్లో నేనూ పెట్టుకున్నాను. ఎవరో చూస్తారని మాత్రం వద్దు."

"లేకపోతే మచ్చ పడుతుందిగా?"

"పడుతుంది. ఎవరడిగినా ఉన్నదున్నట్టు చెప్పుకోవచ్చు."

మేనేజరు భార్య ప్లేట్లు లేని ఆ ఉత్త రాడ్ వంక కాసేపు చూసింది. ప్యాడ్‌ను బెంచీ మీద పెట్టింది. తర్వాత, ఎవరూ చెప్పకుండానే, మణికట్ల దగ్గర గుండీలు విప్పి చొక్కా చేతుల్ని మోచేతుల పైదాకా మడుచుకుంది.