లిఫ్టు తలుపు మీద బొద్దుగాడు

ఆమధ్య మా అపార్ట్‌మెంట్ లిఫ్టు చెడిపోయి మూడు వారాలైనా బాగుపడలేదు. చెడింది లిఫ్టు, చెడ్డవాణ్ణి నేను. ఎందుకంటే సెక్రటరీని. ఈ పదవికి ఎవరూ పోటీ చేయరు. మీటింగుకి ఆలస్యంగా వచ్చినవాడికి అంటగడతారు.

లిఫ్టుకి ఏదో పార్టు రావాలి. ఆ సంగతి సన్నటి అక్షరాలతో మర్యాదగా రాసి తలుపుకి అంటించాను. ఎవరూ చదవలేదు. ముందువాళ్ళు సరిగ్గా నొక్కలేదన్నట్టు ప్రతివారూ వచ్చి బటన్ నొక్కడం, ఆ తర్వాత మా ఇంటి బెల్లు నొక్కడం.

అయిదో అంతస్తు హెడ్మాస్టారు రిటైరైనా ఆయన గొంతు రిటైర్ కాలేదు. "ఆదివారం మీటింగులో అందరి ముందూ నీ సంగతి తేలుస్తానోయ్," అన్నారు. అప్పట్నుంచి నాకు అన్నం సయించలేదు.

నా బావమరిదికి ఫ్లెక్సీల షాపుంది. వెళ్ళి, "గుడ్డివాడికైనా కనబడే నోటీసు కావాలిరా," అన్నాను.

"బొద్దుగాణ్ణి దింపుతా బావా."

బొద్దుగాడంటే పిల్లల పుట్టినరోజు ఫ్లెక్సీలకి వాడు వాడే ఒక రకం లావుపాటి అక్షరాలు.

"ఇది విచారకరమైన వార్తరా."

"ఆ సంగతి అక్షరాలకి తెలీదుగా."

తీరా చూస్తే "లిఫ్ట్ పనిచేయదు" తలుపంతా పరుచుకుంది. 'ఫ' కింద 'ట' ఒత్తు అరుగు మీంచి కాళ్ళూపుతున్న పిల్లాడిలా ఉంది. 'య' తలకట్టు పక్కకి ఒరిగిన టోపీ. 'దు' కొమ్ము పిలకలా ఎగురుతోంది. లిఫ్టు చెడిపోయినందుకు అక్షరాలన్నీ కలిసి పండగ చేసుకుంటున్నట్టుంది. మార్పించే టైము లేదు. అంటించేసి ఇంట్లో దాక్కున్నాను.

బెల్లు మోగలేదు. సాయంత్రం మెట్ల మీద హెడ్మాస్టారు ఎదురయ్యారు. నా పై ప్రాణాలు పైనే పోయాయి.

"ఏమోయ్, నిన్ను తిడదామనే దిగాను. ఆ 'దు' చూశాక తిట్టు రావట్లేదు. నోరు తెరిస్తే నవ్వొస్తోంది. ఏం మందు పెట్టావు?"

ఆదివారం మీటింగులో లిఫ్టు ఊసే రాలేదు. ఇంటికొచ్చి రెండుసార్లు అన్నం పెట్టించుకున్నాను. ఆ తర్వాత నీళ్ళు రావన్న వార్తా, మెయింటెనెన్స్ పెరిగిందన్న వార్తా బొద్దుగాడి చేతే చెప్పించాను. ఎవరూ కిక్కురుమనలేదు. లిఫ్టు బాగయ్యాక నోటీసు పీకేస్తే మాత్రం రెండో అంతస్తు అక్కయ్యగారు, "అయ్యో, ఎందుకు తీశారండీ? మా బుడ్డోడు దాన్ని చూస్తేనే ముద్ద మింగేవాడు," అని నొచ్చుకున్నారు.

అంతా హాయిగా ఉందనుకుంటుండగా, నిన్న పొద్దున వంటింట్లోకి వెళితే సింకు పైన గోడ మీద బొద్దుగాడు: "ఇవాళ్టి నుంచి అంట్లు మీవి."

తమ్ముడి షాపులో మా ఆవిడే చేయించిందట. కోపం తెచ్చుకుందామని శాయశక్తులా ప్రయత్నించాను. 'ట్లు' బొజ్జేసుకుని నా వంకే చూస్తోంది. నవ్వుతూ రెండు గిన్నెలు తోమేశాక గానీ నాకు తెలివి రాలేదు.

బావమరిదికి ఫోన్ చేశాను.

"దానికి విరుగుడు లేదు బావా," అన్నాడు. వెనక నీళ్ళ చప్పుడు. "నేనూ అదే పనిలో ఉన్నా."

అయ్యలారా, అమ్మలారా, "నేను తోమను" అన్న మాట ఎలాంటి అక్షరాల్లో రాస్తే మా ఆవిడ కూడా నవ్వి ఊరుకుంటుందో కాస్త చెప్పి పుణ్యం కట్టుకోండి. జవాబు పెద్దక్షరాల్లో రాయండి. కళ్ళజోడుకి సబ్బు నురగ అంటింది.