నాలో లేని కాన్పులు

నేను ఒక రిస్టోర్ పాయింట్‌ని; కంప్యూటర్ మొరాయిస్తే దాన్ని పాత రోజు స్థితికి తిప్పే గుర్తుని. ఆ ఆదివారం చర్చి నుంచి వచ్చిన దగ్గర్నుంచీ నరసాపురంలోని మా ఇంట్లో వాదన నడుస్తూనే ఉంది.

“డిస్కు నిండిపోయింది విమలా. అమ్మ వీడియోలు తీసేస్తేగానీ ఈ కంప్యూటర్ కదలదు,” అన్నాడు ప్రభుదాసు.

“తీసెయ్యండి. మీ సణుగుడైనా ఆగుతుంది. నేను బ్యాకప్పు పెట్టుకున్నానుగా.”

“ఎక్కడా?”

“అదిగో, పేరు కూడా రాశాను. కళ్ళజోడు పెట్టుకుని చూడండి.”

ఆ పేరు నాది: ‘అత్తయ్య కాన్పులు - పూర్తి’.

అత్తయ్య అంటే ప్రభుదాసు తల్లి కరుణమ్మ. ముప్పై నాలుగేళ్ళు గోదావరి లంక గ్రామాల్లో నర్సుగా కాన్పులు చేసింది. ఆవిడకు మతిమరుపు మొదలవగానే విమల రోజూ మధ్యాహ్నం ఎదురుగా కూర్చోబెట్టుకుని వీడియో తీసింది. ఎవరింట్లో, ఏ వరదలో కాన్పు చేసిందో, పుట్టగానే ఏడవని పిల్లను ఎలా ఏడిపించిందో అన్నీ చెప్పించింది. మొత్తం నలభై ఏడు వీడియోలు.

ఒక్కో వీడియో కంప్యూటర్‌లోకి ఎక్కించాక విమల ఒక రిస్టోర్ పాయింట్ చేసేది. పేరు రాయమని ఒక గడి వస్తుంది. డబ్బా మీద ‘కందిపప్పు’ అని రాసినట్టు రాసేది. కానీ డబ్బాలో పప్పు పోయాలి కదా! యంత్రం ఆ రోజు ఎలా నడుస్తోందో, ఆ ప్రోగ్రాములూ సెట్టింగులూ మాత్రమే నాకు గుర్తుంటాయి. మనుషులు దాచుకున్నవి నాలోకి రావు. ఆ మాట తెర మీద ఇంగ్లీషులో ఉంటుంది. మనుషులు చదవరు, నొక్కుతారు. నాకు ముందు చేసినవాటినన్నిటినీ చోటు చాలక యంత్రమే చెరిపేసింది. చివరికి నేనొక్కదాన్నే మిగిలాను.

ప్రభుదాసు వీడియోలు తీసేశాడు. పనిలో పనిగా, తీసేసినవి పడే చెత్తబుట్ట కూడా ఖాళీ చేశాడు. అరవడానికి నాకు నోరు లేదు.

“ఇప్పుడు చూడండి, ఎలా వెనక్కి వస్తాయో,” అంటూ విమల నన్ను నొక్కింది. నేను నా పని తప్పు లేకుండా చేశాను. తెర నల్లబడి, వెలిగి, అంతా సవ్యంగా జరిగిందని చెప్పింది. కూతురు లిల్లీ చప్పట్లు కొట్టింది. వీడియోల ఫోల్డరు మాత్రం లేదు. విమల మళ్ళీ నొక్కింది. మూడోసారి కూడా నొక్కింది.

“దేనికే అంత వెతుకులాట?” అంది మంచం మీంచి కరుణమ్మ.

“నువ్వు చెప్పిన కాన్పులే నాన్నమ్మా. పోయాయి,” అంది లిల్లీ.

“ఓస్, అంతేనా? మళ్ళీ చెప్తాన్లే. మొదటి కాన్పు...” అని ఆగింది. చేతులు చూసుకుంది. “మొదటిది ఎవరిదే అమ్మాయ్?”

ప్రభుదాసు తల ఎత్తలేదు.

అన్నాల దగ్గర విమల అందరికీ వడ్డించి, తనూ కూర్చున్నాక మెల్లగా అంది: “రేపట్నుంచి అత్తయ్య దగ్గర మళ్ళీ కూర్చుంటాను. ఆవిడ తప్పు చెప్పినా ఎవరూ దిద్దొద్దు. ఆవిడకు ఎందరు గుర్తుంటే అందరే పుట్టినట్టు.”