తేలిక చెయ్యి

“ఏమ్మే, తూటాలు నింపినావా?” అని బాత్రూంలోంచే అరిచాడు మా ఆయన బెన్నీ. క్యారియర్ నింపినావా, నీళ్ళబిందె నింపినావా అని అడిగే గొంతుతోనే. మా ఇంట్లో నింపే పనులన్నీ నావి, ఖాళీ చేసే పనులన్నీ ఆయనవి.

“నింపినా. గుండ్లు తేలికవి తెప్పించినావు గదా, తుపాకిమీద గురి చూసే సైటు కొంచెం లేపుకో. రాత్రి నుంచి చెప్తాండా.”

“నాకే నేర్పిస్తాండావా? దోసె మాడుతాంది, సూస్కోపో.”

దోసె మాడలేదు. నా చేతికింద ఏదీ మాడదు. ఈ మాట ఎవరూ అనరు కాబట్టి నేనే అనుకుంటుంటాను.

తుపాకి మా మామ ఎడ్విన్ వైపు నుంచి వచ్చింది. ఆయన తాత నల్లమలలో ఒక ఇంగ్లీషు దొరకి వంట చేసేవాడట. దొర సీమకి పోతూ దీన్ని ఆయనకి ఇచ్చిపోయాడట. కిందున్న లివరు తోసి లాగితే కాలిన గొట్టం బయటపడి కొత్త తూటా లోపలికి పోతుంది. ఆ కాలపు తూటాలు ఇప్పుడు ఏ షాపులోనూ దొరకవు. అందుకని కాలిన ఇత్తడి గొట్టాల్నే మళ్ళీ నింపుకుని మా ఆయన నంద్యాల రైఫిల్ క్లబ్బులో కాలుస్తాడు. లైసెన్సు, నింపుకునే పర్మిషన్ రెండూ ఆయన పేరునే. మొదట్లో ఆయనే నింపాలని కూర్చున్నాడు. ఓపిక లేక తుపాకిమందు సగం బల్లమీద పోసి, త్రాసు నావైపు తోసేశాడు. “నీది తేలిక చెయ్యి గదా, నువ్వు సూడు” అన్నాడు.

ఆ మాట ఆయన సొంతం కాదు. నేను ఆళ్ళగడ్డలో ఒక ల్యాబ్‌లో రక్తం తీస్తాను. దొర్నిపాడు నుంచి వచ్చే ముసలమ్మలు బెంచీమీద కూర్చుంటూనే “తేలిక చెయ్యి పాప ఏంజెల్ వచ్చిందా?” అని అడుగుతారు. నేను లేకపోతే తిరిగి పోయేవాళ్ళు కూడా ఉన్నారు. నరం దొరకని ఎండు చేతుల్లో కూడా నా సూది తిన్నగా పోతుంది, వాళ్ళు మాట్లాడుతుండగానే ట్యూబు నిండిపోతుంది. ఆ పేరు నేను సంపాదించుకున్నది. మా ఆయన దాన్ని ఇంటికి తెచ్చి కూలి లేని పనికి వాడుకున్నాడు.

నిజం చెప్పాలంటే నాకా పని ఇష్టం. వంటింటి పనికి అంతు ఉండదు. తోమిన గిన్నె మధ్యాహ్నానికి మళ్ళీ అంటుగిన్నె. తూటా అలా కాదు. ఇత్తడి గొట్టం తుడిచి, మందు తూచి, గుండు కూర్చోబెట్టి బల్లమీద నిలబెడితే అది పూర్తయిన పని. వరుసగా అన్నీ నిలబడి ఉంటే ఏ ఒక్కటీ పక్కదానికంటే ఎక్కువా కాదు, తక్కువా కాదు. ఎదురుగా మా ఆయన ఫోన్ చూసుకుంటూ ఉంటాడు. ఒకసారి మా పాస్టరమ్మతో “మా ఇంట్లో మందు ముట్టేది నేనొక్కదాన్నే” అన్నాను. పాపం, ఆమె నా తలమీద చెయ్యి పెట్టి ప్రార్థన మొదలుపెట్టింది.

అయితే తుపాకి మాత్రం ముట్టకూడదు. పెళ్ళయిన కొత్తల్లో దుమ్ము తుడవబోతే మా అత్త గుడ్డ లాక్కుంది. “ఆడోళ్ళు ముడితే గురి పోతాది మే. తుపాకి జోలికి పోవద్దు.” తూటాలు నింపడానికి మాత్రం ఆ పట్టింపు రాలేదు. ఆయన కప్పు గెలుచుకొచ్చినప్పుడల్లా “మావోనిది వాళ్ళ తాతల గురి” అని ఆమె మురిసిపోయేది. “ఆ తూటాలు నేనే నింపినానని క్లబ్బులో ఒక్కమాట చెప్పొచ్చు గదప్పా” అని నేనొకసారి అడిగాను. “పర్మిషన్ నా పేరున ఉంది. నీ పేరు యాడా రాకూడదు” అన్నాడు. సరేనని కప్పు తుడిచి టీవీ పక్కన పెట్టాను.

ఈ మధ్య గడివేముల దారిలో బండిమీంచి పడి ఆయన భుజం దెబ్బతింది. బరువు గుండయితే తుపాకి గట్టిగా తంతుంది. అందుకే ఈ తేలిక గుండ్లు. భుజం సంగతి క్లబ్బులో చెప్పొద్దని నాకు గట్టిగా చెప్పాడు. నేను చెప్పలేదు.

ఆయన బాత్రూంలోంచి అరిచిన ఆ ఆదివారం పెద్ద పోటీకి పోయేవాళ్ళని క్లబ్బులో ఎంచుతున్నారు. నేను చర్చిలో ప్రార్థన ముగించుకుని క్యారియర్ తీసుకుని క్లబ్బువాళ్ళు కాల్చే రేంజికి పోయేసరికి ఆయన కాల్చడం అయిపోయింది. క్లబ్బుకి నేర్పే దాసరయ్య సార్, రిటైరయిన డ్రిల్లు మాస్టరు, కాగితం టార్గెట్టు చేతిలో పట్టుకుని చూస్తున్నాడు. గుండ్లన్నీ నల్ల వృత్తానికి కింద, తెల్ల కాగితంలో పడ్డాయి. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వు ఆపుకుంటున్నారు.

మా ఆయన నన్ను చూశాడు. చూసి, వేలు చూపించాడు.

“మా ఇంటిది నింపింది సార్. ఆడదాని తేలిక చెయ్యి. మందు తక్కువ పోసింటాది.”

కప్పులొచ్చినన్ని రోజులూ నాకు చేతులే లేవు. గుండు కిందికి పోయేసరికి చేతులు మొలిచాయి. ఎక్కడా రాకూడని నా పేరు తప్పు మోయడానికి వచ్చేసింది. ఒళ్ళంతా మండిపోయింది. క్యారియర్ నేలమీద పెట్టి పోయి ఆ కాగితం చూశాను. చూసేసరికి, అంత కోపంలోనూ, గర్వంతో గుండె నిండిపోయింది. చిల్లులన్నీ ఒక్కచోటే ఉన్నాయి. చెంబు మూత పెడితే అన్నీ దానికింద దాగిపోతాయి.

“మందు తేడా పడింటే తలా ఒక దిక్కు పోయేటివి గదప్పా” అన్నాడు దాసరయ్య సార్. “ఇవన్నీ ఒక్కచోటే పడినాయి. నువ్వేనామ్మా నింపింది?”

“నేనే సార్. ఇంతకుముందు కప్పులొచ్చినప్పుడు కూడా నేనే.” కిందున్న చిల్లుల్ని వేలితో చూపించాను. “తేలిక గుండు బేగా బయటపడతాది. తుపాకి మూతి పైకి లేచేదానికి ముందే పోతాది. అందుకే కింద తగులుతాంది. సైటు లేపుకోమని పొద్దున కూడా చెప్పినా.”

“నువ్వు ఇంటికి పో మే” అన్నాడు మా ఆయన.

పోలేదు. “సార్, ఆడోళ్ళు కాల్చొచ్చా ఈడ?” అని అడిగాను.

“ఎందుకు కాల్చకూడదు? నేను పక్కన్నే ఉంటా, రా తల్లీ.”

సార్ సైటు లేపి, పేలుడు చప్పుడు తగలకుండా చెవులకి మఫ్ పెట్టి, తుపాకి నా భుజానికి ఆనించాడు. అన్నేళ్ళు దానికి తిండి పెట్టాను, బరువు ఇంత ఉంటుందని తెలీదు. లివరు లాగితే, చెవులు మూసి ఉన్నా, నేను నింపిన తూటా లోపలికి పోయిన చప్పుడు వినిపించింది. నరంలోకి సూది పోయేముందు నా ఊపిరి తనంతట తానే ఆగుతుంది. అప్పుడూ అలాగే ఆగింది. మొదటిది వృత్తం అంచుమీద పడింది. తర్వాతవి లోపలికి జరిగాయి. నడిమధ్యన ఒక్కటీ లేదు. అయినా అన్నీ నల్లటి వృత్తంలోనే. భుజం సలిపింది. ఆ సలుపు కూడా నాకు బాగుంది. “మళ్ళీ ఆదివారం కూడా రామ్మా, క్లబ్బు తుపాకితో నేర్చుకుందువు” అన్నాడు సార్.

క్యారియర్ విప్పకుండానే ఇంటికి వచ్చాం. కబురు మాకంటే ముందే ఇల్లు చేరినట్టుంది, అత్త గడపలో నిలబడి ఉంది.

“తుపాకి ముట్టినావంట?”

“ముట్టినా అత్తా. గురి పోలేదు. వచ్చింది.”

సాయంత్రం చల్లబడ్డాక మా ఆయన ఖాళీ గొట్టాల డబ్బా తెచ్చి నాముందు పెట్టాడు. “సార్ నాకింకో ఛాన్సు ఇస్తానన్నాడు. నింపిపెట్టు. ఈసారి సైటు లేపుకుంటాలే” అన్నాడు. అది ఆయన లెక్కలో క్షమాపణే. నాకు తెలుసు.

నేను బల్ల తుడిచాను. త్రాసు పెట్టాను. రోజూ ఆయన ఫోన్ చూసుకునే కుర్చీ లాగి త్రాసు ముందు వేశాను. ఎదుటి కుర్చీలో నేను కూర్చున్నాను.

“రా. ఎట్ల నింపాల్నో నేర్పిస్తా.”

“నాకా? నువ్వుండంగా?”

“పర్మిషన్ నీ పేరున ఉంది గదప్పా” అన్నాను.